కాలవ వైపు గేటు

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక ప్రశ్న. "కాలవ వైపు గేటులోంచే కదా లోపలికెళ్ళేవు?" అని అడిగాను. "ఎలా వెళ్ళేవు?" అని అడగవలసింది. దానికంటే ముందు "అసలు వెళ్ళేవా?" అని అడగవలసింది. నా ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషి నా మొహంలోకి ఒకసారి చూసి "ఆయ్" అన్నాడు. నేను రాసుకున్నాను. ఆ ఒక్క వాక్యం మూలంగా అతను నాలుగేళ్ళ రెండు నెలలు జైల్లో ఉన్నాడు.

అప్పుడు నేను రాజోలు దగ్గర ఒక ఊళ్ళో వీఆర్వోని. భూమి కాగితాలు, తుపాను నష్టాల లెక్కలు, ధ్రువపత్రాల విచారణ మా పని. వీటితోపాటు బయటివాళ్ళకు అంతగా తెలియని పని ఇంకొకటి ఉంది. పోలీసుల ముందు ముద్దాయి తప్పు ఒప్పుకుంటే అది కోర్టులో చెల్లదు. అదే మనిషి తనంతట తాను వీఆర్వో దగ్గరికి వచ్చి ఒప్పుకుంటే, వీఆర్వో దాన్ని కాగితం మీద పెట్టి, సంతకం చేయించి, మనిషినీ కాగితాన్నీ స్టేషన్లో అప్పగిస్తే, కోర్టు దాన్ని వింటుంది. అందువల్ల స్టేషన్లో రెండు రోజులుగా కూర్చున్న మనిషి మూడో రోజు "తనంతట తాను" మా ఆఫీసుకు నడిచి వచ్చేవాడు. జీపు వీధి మలుపులో ఆగి ఉండేది. నా సర్వీసులో అలాంటి ఒప్పుకోళ్ళు పదకొండు రాశాను. అందులో ఎన్ని నిజమో నాకు తెలియదు. ఒకటి అబద్ధమని మాత్రం తెలుసు.

మా ఊరి చివర కాలవ గట్టును ఆనుకుని ఒక పీచు మిల్లు ఉండేది. కొబ్బరి డొక్కలు నానబెట్టి, మిషన్లో వేసి, పీచు తీసి ఎండబెట్టి కట్టలు కట్టేవారు. వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక రాత్రి ఆ కట్టలు అంటుకున్నాయి. షెడ్డులో పడుకున్న కాపలా ముసలాయన బయటికి రాలేకపోయాడు.

తెల్లారాక నష్టం రాయడానికి వెళ్ళాను. పీచు ఒక్కసారిగా కాలిపోదు. పైన ఆరినట్టే ఉంటుంది, లోపల రగులుతూనే ఉంటుంది. అడుగు వేస్తే చెప్పు మెత్తబడుతోంది. ముసలాయన మీద ఎవరో తడి గోనె కప్పారు. నేను అటు చూడకుండా చుట్టూ తిరిగి రాసుకున్నాను. పడమట, కాలవ వైపు, రెండు పాత సిమెంటు స్తంభాల మధ్య దారి తెరుచుకుని ఉంది. అది మిల్లు గేటని నాకు తెలుసు. రెండేళ్ళ కిందట పన్ను విషయంగా వచ్చినప్పుడు అందులోంచే వెళ్ళాను. "పడమటి గేటు తెరిచి ఉన్నది, మంట ఆ వైపునుండి వచ్చినట్లు కనబడుచున్నది" అని రాశాను. మంట ఎటునుంచి వచ్చిందో చెప్పే విద్య నాకు లేదు. కాగితంలో ఖాళీ ఉంటే నాకు తోచదు, అంతే.

ముసలాయన మంచం పక్కన ఇనప గమేళా ఒకటి, అడుగున బూడిదతో ఉంది. దాన్ని రాయలేదు. మా వైపు పొద్దు వాలేసరికి ప్రతి అరుగు మీదా అలాంటిది ఒకటి ఉంటుంది. దోమలకి డొక్క ముక్కలు రాజేసి పొగ వేస్తాం. మా ఇంట్లోనూ ఉంది. రోజూ చూసేది కాబట్టి చూడలేదు.

ఆ సాయంత్రానికే ఊళ్ళో ఒక మనిషి మీద మాట పుట్టింది. అతను మిల్లులో డొక్కలు మిషన్లోకి వేసేవాడు. నలభై దాటిన మనిషి. చేతుల నిండా పీచు కోసిన గీతలు. ఆదివారం తెల్ల చొక్కాతో చర్చికెళ్తాడు, మిగతా ఆరు రోజులూ తాగుతాడు అని వేళాకోళం చేసేవారు. మంట లేచిన రోజు పొద్దున్న తాగి పనిలోకి వచ్చాడని కాపలా ముసలాయన యజమానితో చెప్పాడు. యజమాని వెనక్కి పంపేశాడు. అతను వెళ్తూ వెళ్తూ నలుగురూ వింటుండగా "నీ సంగతి చూస్తానుండు ముసలోడా" అన్నాడు. ముసలాయన కూడా తక్కువవాడు కాదు, "ముందు నీ పంచె సంగతి చూసుకోరా, ఊడిపోతంది" అన్నాడట. అందరూ నవ్వారు. మర్నాడు ఆ నవ్వులో సగం తీసేసి మిగతా సగం సాక్ష్యంగా చెప్పారు.

మూడో రోజు మధ్యాహ్నం ఎస్సై గారు నాకు ఫోన్ చేశారు.

"మీ ఊరివాడొకడు మీ దగ్గరికి బయల్దేరేడండి. మనసు మార్చుకున్నాడు. కాస్త శుభ్రంగా రాయండి. మీ రాతంటే పీపీ గారు కళ్ళకద్దుకుంటారు."

ఆ మాటకి నవ్వాను. నవ్వి ఊరుకోలేదు, బీరువాలోంచి కొత్త పెన్ను తీశాను. నా దస్తూరీ బాగుంటుందని మండలంలో పేరు. ఆ పేరు నాకు ఇష్టం.

అతనితో వచ్చిన కానిస్టేబుల్ గుమ్మం దగ్గరే ఆగి, "నేను లేనట్టేనండి" అని కిళ్ళీ కొట్టు వైపు పోయాడు. నేను అతనికి కుర్చీ వేయించాను. అలాంటి మనిషికి మా ఆఫీసులో కుర్చీ వేయడం అలవాటు లేదు. అతను కూర్చోలేదు. "పర్లేదు, కూర్చోవయ్యా" అని భుజం పట్టి కూర్చోబెట్టాను. టీ తెప్పించాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు, అయినా ఒలికింది. రెండు రోజులుగా నిద్ర లేదని తెలుస్తూనే ఉంది. దెబ్బలు మాత్రం కనపడలేదు. కనపడలేదు కాబట్టి నా మనసు తేలిక పడింది. అదొక్కటే కదా తప్పు, అది లేదు కదా అనుకున్నాను.

"ఏం జరిగిందో చెప్పు," అన్నాను.

"నాకేం గుర్తు లేదండి. పొద్దుగూకేదాకా తాగేను. పొద్దున్న లేచేసరికి చర్చి వెనక అరుగు మీదున్నాను."

"మధ్యలో?"

"మధ్యలో లేదండి."

ఈ "మధ్యలో లేదు" అన్న మాట నేను కాగితం మీద పెట్టలేదు.

"నువ్వు చెయ్యలేదని మీ దేవుడి మీద ప్రమాణం చెయ్యగలవా?" అని అడిగాను. అది మా ఊళ్ళో అందరూ అడిగేదే. అబద్ధమాడేవాడు వెంటనే చేసేస్తాడు. ఇతను చాలాసేపు ఆలోచించాడు.

"గుర్తు లేనిదానికి ప్రమాణం ఎలా చేస్తానండి? చేస్తే అబద్ధమైపోద్దేమో."

అంత నిజాయితీగా మాట్లాడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నాకు మాత్రం ఆ జవాబు ఒప్పుకోలులా వినిపించింది. చెయ్యనివాడైతే ప్రమాణానికి భయమెందుకు అనుకున్నాను.

తర్వాత నేను మెత్తగా మాట్లాడాను. దాన్ని తల్చుకుంటే ఇప్పుడు నా గొంతే నాకు చేదుగా ఉంటుంది. "కావాలని చేసేవని ఎవరన్నారయ్యా? నీకు తెలీకుండానే జరిగుండొచ్చు. బీడీ కాలుస్తావా?" అన్నాను. "కాలుస్తానండి." "తాగినప్పుడు?" "తాగినప్పుడు ఎక్కువండి." "మరి ఆ రోజు కాల్చకుండా ఉండుంటావా?" "ఉండనండి." "ముసలాయన మీద కోపం ఉందా?" "ఆ పూటకి ఉందండి." "అయితే అడుగుదామని వెళ్ళుంటావు." అతను తల ఊపాడు. "వెళ్ళేనేమోనండి." నేను "వెళ్ళాను" అని రాశాను.

అక్కడ గేటు వచ్చింది.

"కాలవ వైపు గేటులోంచే కదా లోపలికెళ్ళేవు?"

"గేటా అండీ?" అన్నాడు.

"అదేనయ్యా, కాలవ వైపుది. నేను పొద్దున్నే చూసేను కదా, తెరిచే ఉంది."

అప్పుడే అతను నా మొహంలోకి చూశాడు. ఏదో చెప్పబోయినట్టు పెదవి కదిలింది. నేను పెన్ను పట్టుకుని ఎదురు చూస్తున్నాను. "ఆయ్" అన్నాడు.

చివరికి వచ్చేసరికి ఏడ్చాడు. "నేనే చేసేనంటారా అండీ?" అని నన్నే అడిగాడు. ఒప్పుకుంటున్న మనిషి తను చేశాడో లేదో రాసేవాణ్ణి అడిగాడు. అప్పుడైనా పెన్ను కింద పెట్టవలసింది. "మనసులో బరువు దించేసుకో, నీకే మంచిది" అన్నాను. "ఎవరి బలవంతమూ, ప్రలోభమూ లేకుండా నా అంతట నేను వీఆర్వో గారి వద్దకు వచ్చి" అని మొదటి వాక్యం ఆఖర్న రాశాను. దానికోసం పైన నాలుగు గీతలు ముందే వదిలిపెట్టాను. అతను ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నట్టు సంతకం చేసి, లేచి, "మీరు కుర్చీ వేసేరండి. మీ మేలు మర్చిపోను" అన్నాడు.

పూచీ ఇచ్చేవాళ్ళు దొరక్క బెయిలు రాలేదు. ఏడాదికి అమలాపురం కోర్టులో కేసు వచ్చింది. బోనులో నిలబడి నేను రాసింది నేనే చెప్పాను. అతని తరఫున కోర్టు ఇచ్చిన చిన్న వకీలు నన్ను రెండే ప్రశ్నలు అడిగాడు. పోలీసులు చెబితే రాశారా అన్నాడు, కాదన్నాను. ముద్దాయి మీ దగ్గరికి రాలేదు, తెచ్చారు అన్నాడు, కాదన్నాను. గేటు గురించి అడగలేదు. తీర్పులో ఆ గేటే నిలబడింది. లోపలికి ఏ దారిన వెళ్ళాడో ముద్దాయి స్వయంగా చెప్పాడు, ఆ దారి తెరిచి ఉన్నట్టు అధికారి నివేదిక కూడా ఉంది, చేసినవాడికి తప్ప ఇది తెలిసే వీలు లేదు అని వచ్చింది. పదేళ్ళు వేశారు. వరండాలో ప్రభుత్వ వకీలు పీపీ గారు నా చెయ్యి పట్టుకుని "మీ కాగితం లేకపోతే కేసు లేదండి" అన్నారు. ఇద్దరం ఎదురుగా కొట్లో నిమ్మసోడా తాగాం. చల్లగా, బాగుంది. ఇప్పటికీ ఆ రుచి గుర్తుంది.

చెయ్యని పని చేశానని ఎవరైనా ఎందుకు ఒప్పుకుంటారు అని అందరూ అడుగుతారు. నేనూ అడిగేవాణ్ణి. అడగకూడని మనిషిని నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఫైలు కనపడకపోతే అప్పటి ఆఫీసరు నన్ను పిలిచి, "నీ బల్ల మీదే చూసేనయ్యా, చిన్నవాడివి, పొరపాటైందని రాసిచ్చెయ్యి, వదిలేద్దాం" అన్నారు. రాసిచ్చాను. రాస్తుంటే ఆ ఫైలు నా బల్ల మీద ఉన్నట్టు, దాని ఎర్ర తాడు సహా, నాకు కనపడింది. రెండు నెలల తర్వాత అది ఆయన బీరువాలోనే దొరికింది. ఆయన నవ్వేశారు. నేనూ నవ్వేశాను. నన్ను లొంగదీసినది ఆయన కేక కాదు, ఆయన దయ. దానితోపాటు, తెలిసినవాడు చెబుతుంటే నాకు తెలియనిది నిజమేనేమో అనిపించడం. ఆ అనుభవం ఉన్నవాణ్ణే, ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత అదే దయను మరొక మనిషి మీద వాడాను.

అతను జైలుకు వెళ్ళిన మూడో ఏట అతని భార్య మా ఆఫీసుకు వచ్చింది. ఒంటరి ఆడవాళ్ళకిచ్చే పింఛను కోసం అర్జీ పెట్టుకుంది. భర్త జైల్లో ఉంటే ఆ పింఛను రాదు. అదే చెప్పాను.

"ఉన్నట్టు రాసుకోవాలా, లేనట్టు రాసుకోవాలా అండి మరి?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

నేను కాగితాలు సర్దుతుంటే, "ఒక్క మాటండి. మా ఆయన ఏం చెప్పేరో నేనెప్పుడూ వినలేదండి. కోర్టులో గబగబా ఏదో చదివేసేరు. మీరే రాసేరంట కదా. ఒక్కసారి చదివి వినిపిస్తారా?" అంది.

నా దగ్గర నకలు ఉంది. తీసి చదివాను. చదువుతుంటే నా వాక్యాలు బాగున్నట్టే అనిపించింది, ఆ సిగ్గు కూడా ఇక్కడ చెప్పాలి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. "కాలవ వైపు గేటు ద్వారా లోనికి ప్రవేశించి" దగ్గర చెయ్యి దించేసింది.

"ఏ గేటండి?"

"కాలవ వైపుది."

"అక్కడ గేటెక్కడుందండి? మూసేసేరు కదా."

"మూసెయ్యడమేంటమ్మా, నేను చూసేను."

"ఆ ఏడు వినాయక చవితి ముందే మూసేసేరండి. దొంగలొస్తన్నారని. స్తంభాలకి అడ్డంగా సరుగుడు బాదులు కొట్టి, ముళ్ళకంచె వేసి, మధ్యలో రాతి స్తంభం పాతేరు. రోడ్డు వైపు కొత్త గేటు పెట్టేరు." ఆమె నాకేసి చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెబుతోంది. "ఆ గొయ్యి తవ్వింది మా ఆయనేనండి. కంచె గీసుకుని అరచెయ్యి తెగితే నేనే పసుపు పెట్టేను. తను మూసిన గేటులోంచి తనెలా వెళ్తారండీ?"

నేను కాగితంలో ఆ వాక్యం మళ్ళీ చదువుకున్నాను. ఆమె "మీరు పొరపాటున రాసుంటారులెండి" అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే మిల్లు యజమాని ఇంటికి వెళ్ళాను. ఆయన దగ్గర దాపరికం లేదు. "ఆయ్, మూసేసేమండి. మంటలప్పుడు ఫైరింజనువాళ్ళు కాలవలోకి గొట్టం వెయ్యడానికి కంచె, బాదులూ పీకేసేరు. రాతి స్తంభం పక్కకి పడేసేరు. నన్నెవరూ అడగలేదండి" అన్నాడు. నేను తెల్లారాక చూసిన దారి, మంట లేచిన తర్వాత పుట్టిన దారి. మంటకు ముందు అది లేదు. ఆ సంగతి తెలియని ఒకే ఒక్క మనిషిని నేను. నా పొరపాటు అతని ఒప్పుకోలులో ఉంది. అది అతని నోట్లోకి నానుంచే వెళ్ళింది, ఇంకెక్కడినుంచీ వెళ్ళే వీలు లేదు.

ఆ నెలలోనే ఆమెతో కలిసి జైలుకు వెళ్ళాను. జాలీ వెనక మనిషి బాగా తగ్గిపోయి ఉన్నాడు. నన్ను చూసి చేతులు జోడించాడు.

"ఆ గేటు మూసింది నువ్వే కదా?" అన్నాను.

"ఆయ్, నేనేనండి."

"మరి ఆ రోజు అందులోంచి వెళ్ళేనని ఎందుకు ఒప్పుకున్నావు?"

"మీరు చెప్పేరు కదండీ." నా మీద నింద వేస్తున్నట్టు లేదు అతని గొంతు. "గేటంటే నాకూ అనుమానమొచ్చిందండి. మూసేసేం కదా అనుకున్నాను. కానీ మీరు చూసేనన్నారు. మీరు చదువుకున్నోరు, తాగరు. నాకేమో ఆ రాత్రే లేదు. లేనోడు ఉన్నోడితో వాదిస్తాడా అండి?"

"అయితే నువ్వు చెయ్యలేదు. తెలుస్తోందా? నువ్వు వెళ్ళలేదు."

అతను తల అడ్డంగా ఊపాడు. "లేదండి, వెళ్ళేను. మొదట్లో కనపడేది కాదు, ఇప్పుడు కనపడతాది. గేటు తోస్తే కిర్రుమంది. బీడీ పారేసేను. ముసలాయన దగ్గేడు. రోజూ కనపడతాదండి." పక్కన అతని భార్య జాలీ పట్టుకుని "ఏంటయ్యా ఆ మాటలు, గేటు లేదంటుంటే" అని కసిరింది. అతను ఆమెకేసి జాలిగా చూశాడు, తనని కాపాడాలని అబద్ధమాడుతోందని అనుకున్నట్టు.

నేను ఒక మనిషిని జైల్లో పెట్టాననే అనుకుంటూ వెళ్ళాను. అక్కడికి వెళ్ళాక తెలిసింది, అతనిలో ఒక హత్యను పెట్టానని.

ఇంత తెలిశాక నేను ఏం చేశానో చెప్పాలి. ఏమీ చెయ్యలేదు. పదకొండు నెలలు ఏమీ చెయ్యలేదు. నాకు రిటైర్మెంటు దగ్గరలో ఉంది. ఒక తెలిసిన వకీలుని ఊరికే అడిగినట్టు అడిగితే, "అప్పుడు ప్రమాణం చేసి చెప్పింది ఇప్పుడు కాదంటే మీ మీద కేసవుద్దండి, పింఛను పోద్ది" అన్నాడు. పింఛను కాగితాలు కదిలేదాకా ఆగుదాం అనుకున్నాను. ఆ పదకొండు నెలలూ అతను ప్రతి రోజూ గేటు తోస్తున్నాడని, ముసలాయన దగ్గుతున్నాడని తెలిసీ ఆగాను. కాగితం రాసినప్పుడు తెలియక చేశానని చెప్పుకోవచ్చు. ఈ ఆలస్యానికి ఏ సాకూ లేదు.

ఉద్యోగం నుంచి దిగిన మర్నాడు మా ఆవిడకి చెప్పాను. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విని, "పింఛను ఆపేస్తే మనమేం తింటామండి?" అంది. కాసేపయ్యాక వచ్చి, "నిన్న కాకుండా ఇవాళ చెప్పేరు. నిన్నటిదాకా ఉద్యోగం కదా" అంది. 

జైలు నుంచే వేసిన అప్పీలు ఒకటి హైకోర్టులో పడి ఉంది. దాన్ని చూస్తున్న వకీలుకి అఫిడవిట్ ఇచ్చాను. ముద్దాయిని పోలీసులు తెచ్చారు, గేటు మాట నేనే ముందు అన్నాను, ఆ గేటు అప్పటికి లేదు, గమేళాను చూసీ రాయలేదు అని. హైకోర్టు నా సాక్ష్యం మళ్ళీ తీసుకోమని అమలాపురం పంపింది. అదే బోను. వేరే పీపీ.

"అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

"అప్పటిదండి."

"దీనికి మీకు శిక్ష పడొచ్చని తెలుసా?"

"ఆయ్, తెలుసండి."

"గేటు గురించి మొదట ఎవరు మాట్లాడేరు?"

"నేనేనండి."

ముద్దాయిల బెంచీ మీద అతను కూర్చుని ఉన్నాడు. ఆ మాటకి తలెత్తి నాకేసి చూశాడు. అతని చూపులో నాకు కృతజ్ఞత కనపడలేదు. కలవరం కనపడింది.

నా మీద నోటీసు వచ్చింది. పింఛనులో కొంత ఆగింది, విచారణ నడుస్తోంది. రావలసిందే వచ్చింది. టీ కొట్టు దగ్గర నా పాత తోటివాళ్ళు, "నిజాయితీ గారొచ్చేరు, కుర్చీ వెయ్యండ్రా" అంటారు. "నీవల్ల మేం రాసినవన్నీ తవ్వుతారేమోరా బాబూ" అని ఒకాయన నవ్వుతూనే అన్నాడు. తవ్వితే మంచిదే అన్నాను. నా మిగతా పదింటి వివరాలు కూడా, గుర్తున్నంత మేరకు, రాసి వకీలుకి ఇచ్చాను. ఆ తర్వాత టీ ఇంట్లోనే తాగుతున్నాను.

అప్పీలు తేలలేదు. బెయిలు మాత్రం వచ్చింది. నాలుగేళ్ళ రెండు నెలల తర్వాత అతను ఇంటికి వచ్చాడు. తాగడం లేదు. పనిలోకీ వెళ్ళడం లేదు. చర్చికి కూడా వెళ్ళడం లేదని, "చంపినోణ్ణి, లోపలికెలా వెళ్తాను" అంటున్నాడని అతని భార్య వచ్చి చెప్పింది. "మీరు రాసింది మీరే తుడవాలండి. నా మాట వినట్లేదు" అంది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఆ ఒక్క మాట గట్టిగా అంది.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి అతన్ని తీసుకుని మిల్లు దగ్గరికి వెళ్ళాను. మిల్లు మళ్ళీ కట్టలేదు. షెడ్డు ఇనుము ఎవరో పట్టుకుపోయారు. నేల మీద గడ్డి మొలిచింది. కాలవ వైపు పాత సిమెంటు స్తంభాలు రెండూ ఉన్నాయి. వాటి మధ్యన పాతిన రాతి స్తంభం పక్కన పడి ఉంది, సగం మట్టిలో.

నోరు తెరిచి చెప్పేద్దామనిపించింది. నువ్వు చెయ్యలేదు, ఇదిగో స్తంభం, ఇదిగో గొయ్యి అని. అదీ నేను అందించిన మాటే అవుతుంది. అతను మళ్ళీ నా మొహంలోకి చూసి "ఆయ్" అంటాడు. నాకు కావలసింది ఆ "ఆయ్" కాదు. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. సంచిలోంచి కాగితాలు తీశాను.

"ఇది ఏంటయ్యా?" అని రాతి స్తంభం చూపించి అడిగాను. అంతే అడిగాను.

అతను లేచి వెళ్ళి దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. మట్టి గీకాడు. స్తంభం మీద కంచె తీగ చుట్టిన చోట తుప్పు గీత ఉంది, దాని మీద బొటనవేలు పెట్టాడు. తర్వాత కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. అక్కడ మచ్చ ఒకటి ఉంది. కాలవ అవతల ఎవరో కొబ్బరికాయలు దింపుతున్నారు, ఒక్కో గెల పడిన చప్పుడు వినిపిస్తోంది.  నా సర్వీసులో ఎప్పుడూ ఒక మనిషి జవాబు కోసం అంతసేపు ఊరుకోలేదు.

"నేను పాతేనండి ఇది," అన్నాడు.

రాశాను.

"ఇది ఉంటే మనిషి పట్టడండి."

రాశాను. చాలాసేపటికి, "మరి నాకా గేటు చప్పుడు ఎక్కడ్నించొచ్చిందండి?" అని అడిగాడు.

జవాబు నాకు తెలుసు. అయినా, "నీకేం గుర్తుందో అదే చెప్పు. లేకపోతే లేదని చెప్పు," అన్నాను.

"తాగేను. పొద్దున్న చర్చి వెనక లేచేను."

"మధ్యలో?"

అతను స్తంభం మీంచి చెయ్యి తియ్యకుండా కాలవకేసి చూశాడు.

"మధ్యలో లేదండి," అన్నాడు.

నాలుగేళ్ళ కిందట నేను వదిలేసిన ఆ మాటని, అతను అన్నది అన్నట్టు, రాశాను. చదివి వినిపించి, పైనా కిందా ఖాళీ గీత లేకుండా చూసి, సంతకం చేయించి, ఆ మధ్యాహ్నం బస్సుకే అమలాపురం తీసుకెళ్ళి వకీలు చేతిలో పెట్టాను.